ఇప్పపువ్వులో తీపి, జీలుగు కల్లులో మత్తు

మార్చి నడిమికి వచ్చేసరికి దోర్నపాల్ చుట్టుపక్కల అడవిలో ఇప్పచెట్లు ఆకు రాల్చేసి పూతకు వస్తాయి. పువ్వు రాత్రిపూట విచ్చుకుని తెల్లవారుజామున రాలుతుంది. ఎండెక్కేలోపు ఏరుకోవాలి కాబట్టి కోయ, దోర్ల కుటుంబాల్లో ఆడవాళ్లూ పిల్లలూ చీకటితోనే గంపలు పట్టుకుని చెట్ల కిందికి చేరతారు. ఏరిన పువ్వును నాలుగైదు రోజులు ఆరబోస్తే గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోతుంది. కొంత ఇంట్లో ఉంచుకుంటారు, మిగతాది సంతకు వెళుతుంది. అక్కడ ధర కట్టేది తూకమే. వ్యాపారి గుప్పెడు పువ్వు తీసి నలిపి చూస్తాడు. తేమ ఉందంటాడు, నల్లబడిందంటాడు, కిలోకు ఇంత తరుగు అంటాడు. ఆ పువ్వుకు విలువ తెచ్చేది మాత్రం దానిలోని చక్కెర. ఎండిన పువ్వు బరువులో సగానికి అటూ ఇటూగా చక్కెరలే. చెట్టును బట్టి, ఏరిన వేళను బట్టి, ఆరబెట్టిన తీరును బట్టి అది ఎంతో మారుతుంది. ఆ ఒక్కదాన్నీ ఎవరూ కొలవరు.

కొలిచే విద్య లేక కాదు. షుగర్ ఉన్నవాళ్లు రోజూ వేలికొన పొడుచుకుని రక్తపు బొట్టు అంటించే స్ట్రిప్‌లో ఉన్నది ఆ విద్యే. ఒక ఎంజైమ్, దాని కింద ఒక ఎలక్ట్రోడ్. ఈ జంటనే బయోసెన్సర్ అంటున్నాం. రక్తంలో గ్లూకోజ్‌ను చెప్పగలిగినది ఇప్పపువ్వులో చక్కెరను చెప్పలేదా, ఎంజైమ్ మారిస్తే కల్లులో మత్తును చెప్పలేదా అన్నది న్యాయమైన ప్రశ్న. చెప్పగలదు. అయితే ఆస్పత్రి కోసం తయారైన వస్తువును యథాతథంగా అడవి సరుకు మీద పెడితే అది తప్పు అంకె చూపిస్తుంది, అదీ ఎంతో నమ్మకంగా చూపిస్తుంది. ఎందుకలా జరుగుతుందో తెలియాలంటే లోపల ఏం జరుగుతోందో చూడాలి.

దోర్నపాల్ ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో ఉంది. జగ్‌దల్‌పూర్ నుంచి కుంట మీదుగా మన వైపు దిగే 30వ నంబరు జాతీయ రహదారి మీద, సుక్మాకూ కుంటకూ మధ్య తగులుతుంది. దగ్గర్లోనే శబరి పారుతుంది, అవతలి ఒడ్డు ఒడిశా. ఆ నది కిందికి వచ్చి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. నీళ్లతో పాటు మనుషులూ దిగివస్తారు. మిరప కోతల కాలంలో భద్రాచలం, ఖమ్మం వైపు పొలాల్లో కనిపించే కూలీల్లో చాలామంది ఆ జిల్లా వాళ్లు. అక్కడి సంతల్లో గోండి, హల్బీ, హిందీ నడుమ తెలుగూ చెల్లుబాటవుతుంది. తెలుగు పాఠకులకు ఈ ఊరి పేరు 2005 తర్వాత సల్వాజుడుం శిబిరాల వార్తల్లోనే ఎక్కువగా తగిలి ఉంటుంది. ఆ వార్తలకు చాలా ముందు నుంచీ ఇక్కడి బతుకు ఇప్ప, జీలుగు, తాటి, ఈత చెట్ల మీద ఆధారపడి ఉంది.

ఈ చెట్ల రసాల్లో రెండు అంకెలు ముఖ్యం. చక్కెర ఎంత, ఆల్కహాల్ ఎంత. ఒకటి తగ్గుతుంటే రెండోది పెరుగుతుంది. నానబెట్టిన ఇప్పపువ్వు ఊటలో లీటరుకు 150 గ్రాముల చక్కెర ఉందనుకుందాం. ఈస్ట్ దాన్నంతా పులియబెడితే లెక్క ప్రకారం దాదాపు 77 గ్రాముల ఆల్కహాల్ వస్తుంది. ఘనపరిమాణంలో చెబితే దాదాపు 9.7 శాతం. నిజానికి అంత రాదు. ఈస్ట్ తన ఎదుగుదలకు కొంత తింటుంది, మిగతా సూక్ష్మజీవులు కొంత పట్టుకుపోతాయి. ఆ ఊటను కాచి దించితే ఇప్పసారా. ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసులకు ఇంటి వాడకానికి కాచుకునే వెసులుబాటు చట్టంలోనే ఉంది. జీలుగు కల్లుకు, అంటే అక్కడివాళ్ల సల్ఫీకి, కాచే పనే లేదు. చెట్టు మీద కుండలోనే పులియడం మొదలవుతుంది. పొద్దున్నే దించితే తియ్యన, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి పులుపు. ఆ కుండలో ఈస్ట్‌లు, జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా, లాక్టిక్ ఆమ్లం చేసేవి, వినెగర్ చేసేవి ఒకదాని వెనుక ఒకటి పనిలోకి దిగుతాయి.

వీటిని తాగేవాళ్ల నాలుక చాలా గట్టిది. సారా ఘాటు తేల్చడానికి కొంచెం నిప్పులో చల్లి మంట రంగు చూడడం పాత పద్ధతి. దానికి సైన్సు పరంగా అర్థముంది. నీళ్లు ఎక్కువైతే అంటుకోదు. కానీ అది అంటుకుందా లేదా అన్న వరకే చెబుతుంది. ఎక్సైజ్ శాఖ వాడే హైడ్రోమీటర్ సాంద్రతను కొలుస్తుంది. కాచిన సారాకు అది బాగానే పనిచేస్తుంది. పులుస్తున్న కల్లులో చక్కెర సాంద్రతను పెంచుతుంటే ఆల్కహాల్ తగ్గిస్తుంది, కాబట్టి ఒక్క అంకెలో రెండూ కలిసిపోతాయి. చెరకు రసానికి వాడే రిఫ్రాక్టోమీటర్‌దీ ఇదే చిక్కు. వెలుతురు ఎంత వంగిందో చూసి బ్రిక్స్ అనే తీపి అంకె చెబుతుంది. ఆ వంపుకు కారణం చక్కెరా, లవణమా, ఆల్కహాలా అన్నది దానికి పట్టదు.

పాత రసాయన పరీక్షలదీ ఇదే లోటు. స్కూల్లో బెనెడిక్ట్ ద్రావణం వేడి చేసి ఇటుక రంగు చూసిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది. గ్లూకోజ్ రాగి అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇస్తుంది, రంగు మారుతుంది. హార్వర్డ్‌లో ఓటో ఫోలిన్, షియెన్ వూ 1920లో రక్తంలో చక్కెర కొలిచేందుకు ఇచ్చిన పద్ధతికి పునాది ఈ రాగి చర్యే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో చేరింది ఫోలిన్ నడిపిన ఆ విభాగంలోనే. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ప్రకటించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి కూడా రంగును చూసి అంకె చెప్పేదే. ఆ తరం ఎంత నిష్ఠగా పనిచేసిందో తలచుకుంటే గౌరవం కలుగుతుంది. కానీ రాగికి ఎలక్ట్రాన్లు ఎవరిచ్చినా ఒకటే. గ్లూకోజ్ ఇచ్చినా, ఫ్రక్టోజ్ ఇచ్చినా, యూరిక్ ఆమ్లం ఇచ్చినా రంగు మారుతుంది. అందుకే ఆ పరీక్షలో రక్తంలో చక్కెర ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించేది.

కావలసింది ఒక్క పదార్థాన్నే గుర్తుపట్టే అణువు. అది ప్రకృతిలో ఎప్పటి నుంచో ఉంది. 1928లో డెట్లెఫ్ ముల్లర్ ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే నల్లబూజులో ఒక ఎంజైమ్‌ను కనిపెట్టాడు. ఉల్లిపాయల మీద పట్టే నల్లబూజు కూడా ఆ జాతిదే. ఆ ఎంజైమ్ గ్లూకోజ్‌ను పట్టుకుని, గాలిలోని ఆక్సిజన్ సాయంతో గ్లూకోనోలాక్టోన్‌గా మారుస్తుంది. పక్కన హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. పేరు గ్లూకోజ్ ఆక్సిడేజ్. సంత నిండా జనమున్నా తన ఊరివాణ్ణే పలకరించి వెళ్లిపోయే మనిషి తీరు దీనిది. ఫ్రక్టోజ్ పక్కనే ఉన్నా ముట్టదు. మామూలు పంచదారను ముట్టదు. గ్లూకోజ్‌లో కూడా బీటా రూపాన్నే పట్టుకుంటుంది, ఆల్ఫా రూపాన్ని దాదాపుగా వదిలేస్తుంది.

1956లో వచ్చిన క్లినిస్టిక్స్ అనే మూత్ర పరీక్ష పుల్ల ఈ ఎంజైమ్‌తోనే రంగు మార్చేది. రంగు నుంచి కరెంటుకు దారి వేసినవాడు అమెరికన్ శాస్త్రజ్ఞుడు లీలండ్ క్లార్క్. గుండె ఆపరేషన్ల సమయంలో రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో ఎప్పటికప్పుడు తెలియడం కోసం ఆయన ప్లాటినం ఎలక్ట్రోడ్‌ను సన్నటి పొరతో కప్పి ఒక సాధనం చేసి 1956లో ప్రకటించాడు. 1962లో చాంప్ లయన్స్‌తో కలిసి దానికి ఇంకో మెట్టు కలిపాడు. ఆ ఎలక్ట్రోడ్ మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్‌ను రెండు పొరల మధ్య బంధించాడు. గ్లూకోజ్ లోపలికి వస్తే ఎంజైమ్ ఆక్సిజన్‌ను వాడేస్తుంది. ఆక్సిజన్ ఎంత తగ్గితే అంత గ్లూకోజ్ ఉన్నట్టు. 1967లో అప్‌డైక్, హిక్స్ ఆ ఎంజైమ్‌ను జెల్‌లో ఇరికించి, మళ్లీ మళ్లీ వాడేలా చేశారు. 1975కల్లా ఒహాయోలోని యెల్లో స్ప్రింగ్స్ ఇన్‌స్ట్రుమెంట్ సంస్థ గ్లూకోజ్ ఎనలైజర్‌ను అమ్మకానికి పెట్టింది.

ఆక్సిజన్ తగ్గడాన్ని చూసే బదులు, పుట్టిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను లెక్కపెట్టడం ఇంకో మార్గం. ప్లాటినం మీద దాదాపు 0.6, 0.7 వోల్టుల దగ్గర పెరాక్సైడ్ విడిపోయి ఒక్కో అణువుకు రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఒక గ్లూకోజ్ అణువు, ఒక పెరాక్సైడ్ అణువు, రెండు ఎలక్ట్రాన్లు. ఈ లెక్క ఎంత శుభ్రంగా ఉందో చూడండి. మీటరులో ఒక మైక్రో యాంపియర్ కరెంటు పారుతోందంటే సెకనుకు మూడు లక్షల కోట్లకు పైగా గ్లూకోజ్ అణువులు అక్కడ మారుతున్నట్టు. అణువుల్ని లెక్కపెట్టి అంకెగా చూపడం ఇంత చిన్న స్ట్రిప్‌కు సాధ్యమైందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆల్కహాల్‌కు వేరే ఎంజైమ్‌లు ఉన్నాయి. ఆల్కహాల్ ఆక్సిడేజ్ మిథనాల్ తిని బతికే ఈస్ట్‌ల నుంచి వస్తుంది. అది కూడా ఆక్సిజన్ వాడి, ఆల్కహాల్‌ను ఆల్డిహైడ్‌గా మార్చి, పెరాక్సైడ్‌ను వదులుతుంది. కాబట్టి కింద అదే ఎలక్ట్రోడ్ సరిపోతుంది, పైన ఎంజైమ్ మారిస్తే చాలు. ఉమ్మిలో ఆల్కహాల్ చూపించే స్ట్రిప్‌లు కొన్ని దీనితోనే చేస్తారు. రెండోది ఆల్కహాల్ డీహైడ్రోజనేజ్. మన కాలేయం మద్యాన్ని విరగ్గొట్టేది ఈ కుటుంబపు ఎంజైమ్‌తోనే. దీనికి ఆక్సిజన్ అక్కర్లేదు, ఎన్ఏడీ అనే తోడు అణువు కావాలి. అది ఎన్ఏడీహెచ్‌గా మారితే 340 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటుంది. ఆస్పత్రి ల్యాబుల్లో రక్తంలోని ఆల్కహాల్‌ను ఎక్కువగా చూసేది ఇలాగే. రోడ్డు మీద డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో పోలీసులు ఊదించే యంత్రంలో మాత్రం ఎంజైమ్ ఉండదు. ఎక్కువ యంత్రాల్లో ప్లాటినంతో పనిచేసే ఫ్యూయల్ సెల్ ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. ఊపిరి నుంచి ఆ లెక్కకు వెళ్లడం వేరే కథ.

ఇప్పుడు దోర్నపాల్ సరుకుకు వద్దాం. జీలుగు రసం చెట్టు నుంచి దిగినప్పుడు దానిలో ఎక్కువ భాగం సుక్రోజ్, అంటే మనం వాడే పంచదారే. గ్లూకోజ్ సెన్సర్‌కు అది కనిపించదు. తియ్యగా ఉన్న రసంలో స్ట్రిప్ ముంచితే తీపి దాదాపు లేదనే అంకె వస్తుంది. అందుకే ముందు ఇన్వర్టేజ్ అనే మరో ఎంజైమ్‌ను పెట్టి సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా చీల్చాలి. 1913లో లియొనోర్ మైకేలిస్, మోడ్ మెంటెన్ ఎంజైమ్ వేగానికి సూత్రం రాసింది ఈ ఇన్వర్టేజ్‌ను పరిశీలించే. చీలిన గ్లూకోజ్ ఆల్ఫా రూపంలో బయటికి వస్తుంది. మన ఎంజైమ్‌కు బీటా కావాలి. నీళ్లలో ఆల్ఫా తనంతట తాను బీటాగా తిరుగుతుంది. చివరికి నూటికి 36 ఆల్ఫా, 64 బీటా దగ్గర నిలకడకు వస్తుంది. కానీ ఆ తిరుగుడుకు సమయం పడుతుంది. దాన్ని తొందర పెట్టడానికి మ్యూటరొటేజ్ అనే మూడో ఎంజైమ్‌ను కలుపుతారు. మూడు ఎంజైమ్‌లు ఒకే పొరలో, ఒకదాని చేతి నుంచి ఒకటి అందుకుంటూ పనిచేస్తాయి. రసంలో ముందే ఉన్న గ్లూకోజ్‌ను ఇన్వర్టేజ్ లేని ఇంకో ఎలక్ట్రోడ్‌తో చూసి తీసివేస్తే సుక్రోజ్ ఎంతో తేలుతుంది. ఫ్రక్టోజ్ కావాలంటే గ్లూకోనోబాక్టర్ అనే బ్యాక్టీరియా నుంచి తీసిన ఫ్రక్టోజ్ డీహైడ్రోజనేజ్ ఉంది. ఇప్పపువ్వులో మూడు చక్కెరలూ ఉంటాయి కాబట్టి మొత్తం తీపి చెప్పాలంటే ఇవన్నీ అవసరమే.

అసలు గట్టి చిక్కు మోతాదులో ఉంది. రక్తంలో మామూలు గ్లూకోజ్ 100 మిల్లీలీటర్లకు 100 మిల్లీగ్రాముల దగ్గర. మార్కెట్లో దొరికే మీటర్లు ఎక్కువగా 600 వరకే చూపుతాయి. లీటరుకు 150 గ్రాముల చక్కెర ఉన్న ఊట అంటే అదే లెక్కలో 15,000. ఇక్కడ రెండు హద్దులు ఒకేసారి అడ్డొస్తాయి. ఎంజైమ్ అణువులన్నీ పనిలో ఉన్నాక చక్కెర ఎంత పెంచినా వేగం పెరగదు. మైకేలిస్, మెంటెన్ చెప్పింది ఇదే. రెండోది ఆక్సిజన్ కరువు. 30 డిగ్రీల నీటిలో లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. అణువుల లెక్కన చూస్తే ఊటలో ఒక్క ఆక్సిజన్‌కు మూడు వేలకు పైగా చక్కెర అణువులు ఉంటాయి. పైగా పులుస్తున్న కుండలో ఈస్ట్ ఆ కాస్త ఆక్సిజన్‌నూ ముందే తాగేసి ఉంటుంది. ఆక్సిజన్ మీద ఆధారపడిన సెన్సర్ అక్కడ చూపేది చక్కెర అంకె కాదు, ఆక్సిజన్ ఎంత మిగిలిందన్న అంకె.

ఆక్సిజన్ గొడవకు మందు 1984లో దొరికింది. క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు ఆక్సిజన్ బదులు ఫెర్రోసీన్ అనే ఇనుము ఉన్న అణువుతో ఎలక్ట్రాన్లు మోయించారు. ఎంజైమ్ గుండె లోతుగా మడతల మధ్య ఉంటుంది, అక్కడి నుంచి ఎలక్ట్రాన్ నేరుగా ఎలక్ట్రోడ్ మీదికి దూకలేదు. చిన్నదైన ఫెర్రోసీన్ లోపలికి వెళ్లి తెచ్చిస్తుంది. 1987లో పెన్ను ఆకారంలో అమ్మకానికి వచ్చిన ఎక్సాక్‌టెక్ మీటర్ దీని ఫలితమే. ఇవాళ మందుల షాపులో దొరికే స్ట్రిప్‌లు దాదాపు అన్నీ ఇలాంటి మధ్యవర్తి అణువులున్నవే. మోతాదు చిక్కుకు మందు మరింత సులువు, నీళ్లు కలపడం. ఉదాహరణకు 5 గ్రాముల ఎండుపువ్వులో సగం చక్కెర ఉండి, అందులో మూడో వంతు గ్లూకోజ్ అయితే, 100 మిల్లీలీటర్ల నీటిలో నానబెట్టినా మీటర్ హద్దు దాటుతుంది. లీటరు నీటిలో అయితే 80 చిల్లర దగ్గర నిలుస్తుంది. అయితే ఆ లీటరు కచ్చితంగా లీటరు కావాలి. నీళ్లు పది శాతం తేడా వస్తే అంకె పది శాతం మారుతుంది. సంతలో ఎంజైమ్ కంటే కొలపాత్ర దగ్గరే ఎక్కువ తప్పులు దొర్లుతాయని నా అంచనా.

మరి మందుల షాపులోని గ్లూకోమీటర్‌నే పలుచన చేసిన ఊటకు వాడితే? ఈ ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఆ మీటర్‌ను రక్తానికి సరిచేసి పెట్టారు. రక్తంలో ఎర్రకణాలు అడ్డుపడి గ్లూకోజ్ నెమ్మదిగా ఎలక్ట్రోడ్‌ను చేరుతుంది, మీటర్ లెక్క దాన్ని కలుపుకునే ఉంటుంది. పలుచని నీళ్లలో ఆ అడ్డు లేదు కాబట్టి అంకె పెరిగి కనిపించవచ్చు. పైగా రక్తానికే అంతర్జాతీయ ప్రమాణం అనుమతించే తేడా 100 పైన నూటికి 15 వరకు. ఒక రోగి అన్నం తినాలా వద్దా తేల్చుకోవడానికి అది చాలు. బస్తా ధర మీద బేరం జరిగేటప్పుడు చాలదు. తెలిసిన బరువు గ్లూకోజ్ కలిపిన నీళ్లతో ముందు ఆ స్ట్రిప్‌ను పరీక్షించి, సొంత పట్టిక తయారు చేసుకుంటే కొంత దారికి వస్తుంది. ఆ పట్టిక లేకుండా వాడడం మాత్రం ప్రమాదం.

ఎంజైమ్ ఎంత నిష్ఠగలదైనా కింద ఉన్న ఎలక్ట్రోడ్‌కు ఆ నిష్ఠ లేదు. ఇప్పపువ్వులో విటమిన్ సి ఉంది. 0.6 వోల్టుల దగ్గర అది నేరుగా ఎలక్ట్రోడ్‌కు ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది. మీటర్ వాటినీ చక్కెర ఖాతాలో వేస్తుంది. రక్తంలో పారాసిటమాల్, యూరిక్ ఆమ్లం చేసే అల్లరీ ఇలాంటిదే. నెగటివ్ విద్యుదావేశమున్న నాఫియాన్ పొర వేసి విటమిన్ సిని దూరంగా ఉంచవచ్చు. లేదా ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు పదార్థాన్ని ఎలక్ట్రోడ్ మీద పూస్తే సున్నా వోల్టుల దగ్గరే పెరాక్సైడ్‌ను పట్టుకోవచ్చు, ఆ మెట్టు దగ్గర విటమిన్ సి నోరెత్తదు. ఎంజైమ్ లేని ఎలక్ట్రోడ్ ఒకటి పక్కన పెట్టి దాని అంకెను తీసివేయడం అందరికీ అర్థమయ్యే మార్గం. నన్నడిగితే అడవి సరుకుకు దీన్నే ముందు పెట్టాలి.

ఎంజైమ్ ఎంపికలో ఏమరుపాటు ప్రాణాల మీదికి తెస్తుందని అమెరికా అనుభవం చెబుతోంది. గ్లూకోజ్ ఆక్సిడేజ్‌కు బదులు పీక్యూక్యూ అనే తోడు అణువుతో పనిచేసే గ్లూకోజ్ డీహైడ్రోజనేజ్‌ను కొన్ని స్ట్రిప్‌లలో వాడారు. దానికి ఆక్సిజన్ అక్కర్లేదు, వేగమూ ఎక్కువ. కానీ అది మాల్టోజ్‌ను కూడా గ్లూకోజ్ అనుకుంటుంది. కిడ్నీ రోగులకు పొట్టలోకి ఎక్కించే ఒక డయాలిసిస్ ద్రవం శరీరంలో మాల్టోజ్‌గా విడిపోతుంది. మీటర్ ఎక్కువ షుగర్ చూపింది, ఇన్సులిన్ ఇచ్చారు, ఉన్న షుగర్ కూడా పడిపోయింది. 1997 నుంచి 2009 మధ్య ఇలా 13 మంది చనిపోయినట్టు తమకు నివేదికలు అందాయని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2009లో హెచ్చరిక జారీ చేసింది.

కల్లు, సారా విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచిలో మిథనాల్ కలిసిన సారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. మిథనాల్ అంటే అమాయకంగా కనిపించే పారిశ్రామిక ఆల్కహాల్. కాలేయంలోని ఎంజైమ్‌లే దాన్ని ఫార్మాల్డిహైడ్‌గా, తర్వాత ఫార్మిక్ ఆమ్లంగా మార్చి కళ్లనూ ప్రాణాన్నీ తీస్తాయి. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఒక స్ట్రిప్ ఉంటే బాగుండునని అనిపిస్తుంది. ఆల్కహాల్ ఆక్సిడేజ్‌కు ఎథనాల్ కంటే మిథనాల్ ఇష్టం. ఈస్ట్ నుంచి తీసిన డీహైడ్రోజనేజ్ మిథనాల్‌ను దాదాపుగా ముట్టదు. రెండూ పక్కపక్కన పెట్టి తేడా తీస్తే మిథనాల్ బయటపడాలి కదా? కాగితం మీద అవును. సారాలో 40 శాతం ఎథనాల్, 1 శాతం మిథనాల్ ఉన్నాయనుకుందాం. ఒక్కో సెన్సర్‌కు నూటికి 5 తేడా ఉంటే 40లో ఆ తేడాయే 2. ఒకటి అనే అసలు అంకె ఆ పొరపాటులో మునిగిపోతుంది. మిథనాల్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు ఈ జోడీ హెచ్చరించగలదు. స్ట్రిప్ రంగు మారలేదు కాబట్టి తాగొచ్చు అనే హామీ మాత్రం ఇవ్వలేదు. ఆ తీర్పుకు గ్యాస్ క్రొమటోగ్రఫీ ఉన్న ప్రయోగశాలే దిక్కు. ఇలాగే తెలంగాణలో కల్తీ కల్లులో పట్టుబడుతూ వస్తున్న ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందుల్ని ఆల్కహాల్ సెన్సర్ చూడనే చూడదు. నిజానికి కల్తీ కల్లులో ఆల్కహాల్ తక్కువగా ఉండొచ్చు. మీటర్ మంచి మార్కులు వేస్తుంది, మనిషి ఆస్పత్రిలో చేరతాడు. అక్కడ అడగవలసిన ప్రశ్న వేరు, ఎంజైమ్ వేరు, మీటర్ వేరు.

ఆల్కహాల్ సెన్సర్ నిజంగా ఉపయోగపడే చోటు నీరా. పులియని తాటి, ఈత, జీలుగు రసం అది. చల్లగా ఉంచకపోతే గంటల్లో కల్లవుతుంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023లో నీరా కేఫ్ తెరిచారు. చెట్టు నుంచి సీసా దాకా ఏ మెట్టు దగ్గర పులియడం మొదలైందో గీత కార్మికుడు అక్కడికక్కడే చూసుకోగలిగితే సరుకు వృథా కాదు. ఇక్కడ కొలవవలసింది ఒకటో అరో శాతం ఎథనాల్, వెనుక మిథనాల్ బెడద లేదు, ఆక్సిడేజ్ స్ట్రిప్‌కు ఇది అచ్చంగా తగిన పని.

తేనెది మరీ విచిత్రమైన సంగతి. బస్తర్ అడవి తేనెను ఈ సెన్సర్‌తో చూడాలంటే నీళ్లలో కలపాలి. కలిపిన క్షణం నుంచి తేనె తనంతట తానే గ్లూకోజ్‌ను మార్చి పెరాక్సైడ్‌ను పుట్టించడం మొదలుపెడుతుంది. ఎందుకంటే తేనెటీగ తన తల గ్రంథుల నుంచి అదే గ్లూకోజ్ ఆక్సిడేజ్‌ను తేనెలో కలిపి ఉంచుతుంది. పుండు మీద తేనె రాస్తే చీము పట్టకుండా ఆపే శక్తిలో పెద్ద భాగం ఈ పెరాక్సైడ్‌దే. బూజు నుంచి తీసి మనం స్ట్రిప్ మీద పూసిన పనిముట్టు ఆ సీసాలో ముందే ఉందన్నమాట. కాచిన తేనెలో ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. కాబట్టి ఎంజైమ్ లేని పెరాక్సైడ్ ఎలక్ట్రోడ్‌ను నీళ్లు కలిపిన తేనెలో ముంచి కరెంటు పెరుగుతోందో లేదో చూస్తే, తేనెను గట్టిగా కాచారా లేదా అన్న దానికి ఒక సూచన దొరుకుతుంది. తేనెను బట్టి ఈ ఎంజైమ్ మారుతుంది కనుక దాన్నొక్కదాన్నే సాక్ష్యంగా తీసుకోకూడదు. అయినా సేకరించిన ఆదివాసికి మేలు చేయగల పరీక్ష ఇది.

మన దేశంలో ఈ రంగంలో అనుభవం తక్కువేమీ కాదు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో ఎం.ఎస్. ఠాకూర్ వంటివారు ఆహార పదార్థాల్లో చక్కెరలు కొలిచే ఎంజైమ్ సెన్సర్ల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలలో బన్సీధర్ మల్హోత్రా బృందం గ్లూకోజ్ బయోసెన్సర్ మీద పనిచేసింది. అడ్డొస్తున్నది ఎండ. స్ట్రిప్ డబ్బా మీద సాధారణంగా 30 డిగ్రీలు దాటని చోట ఉంచమని రాసి ఉంటుంది. ఇప్పపువ్వు కాలంలో సుక్మా జిల్లాలో పగటి వేడి దాన్ని సులువుగా దాటేస్తుంది. గ్లూకోజ్ ఆక్సిడేజ్ కొంత ఓర్చుకుంటుంది. ఆల్కహాల్ ఆక్సిడేజ్ సున్నితమైనది, వేడికి తొందరగా చచ్చుబడుతుంది. ఎంజైమ్ సగం చచ్చిన స్ట్రిప్ తక్కువ తీపి చూపుతుంది. అంటే నష్టపోయేది పువ్వు తెచ్చిన మనిషే. ఈ ఒక్క కారణం చాలు, ఆ స్ట్రిప్ వ్యాపారి జేబులో ఉండకూడదు, తెలిసిన గ్లూకోజ్ నీళ్లతో ప్రతి పూటా అందరి ముందూ సరిచూశాకే వాడాలి అనడానికి.

ఇప్పపువ్వుకు సారా కాక వేరే దారులు తెరుచుకుంటున్నాయి. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. తినే వస్తువు అయ్యాక పొట్లం మీద చక్కెర ఎంతో రాయాలి, షుగర్ ఉన్నవాళ్లకు చెప్పాలి. నేల మీద రాలిన పువ్వుకూ, చెట్టు కింద వల కట్టి పట్టిన శుభ్రమైన పువ్వుకూ మధ్య తేడా రుజువు కావాలి. శుభ్రంగా పట్టి త్వరగా ఆరబెట్టిన పువ్వులో చక్కెరను సూక్ష్మజీవులు తినేయడానికి వ్యవధి తక్కువ. కష్టపడి వల కట్టిన ఇల్లాలికి ఆ కష్టం ధరలో కనిపించాలంటే తూకం పక్కన రెండో అంకె ఉండాలి.

ఆ అంకె కోసం దోర్నపాల్ సంతకు ఎలాంటి పెట్టె కావాలో ఇప్పుడు చెప్పవచ్చు. 5 గ్రాములు తూచే చిన్న కాటా. లీటరు గీత ఉన్న సీసా. వేడినీళ్లు. నాలుగు ఎలక్ట్రోడ్‌ల స్ట్రిప్: ఒకటి గ్లూకోజ్‌కు, ఒకటి ఇన్వర్టేజ్ కలిపి సుక్రోజ్‌కు, ఒకటి ఫ్రక్టోజ్‌కు, ఒకటి ఎంజైమ్ లేనిది. తేమ కొలిచే మామూలు మీటర్ ఒకటి, ఎందుకంటే తడి పువ్వులో చక్కెర శాతం తక్కువగా కనిపించడం పువ్వు తప్పు కాదు. స్ట్రిప్‌లు ఉంచడానికి టీకాలు మోసే ఐస్ డబ్బా; మారుమూల పల్లెలకు టీకాలు ఆ డబ్బాల్లోనే వెళుతున్నాయి. మొదటి సీజన్‌లో ప్రతి పదో సంచి నుంచి ఒక నమూనా తీసి జగ్‌దల్‌పూర్‌కో హైదరాబాద్‌కో ప్రయోగశాలకు పంపాలి. సంతలో వచ్చిన అంకె, ల్యాబులో వచ్చిన అంకె, ఆ రోజు ఎండ ఎంత అన్నది ఒకే వరుసలో రాసిపెట్టాలి. రెండో సీజన్‌కు ఏ ఎంజైమ్ ఆ వేడికి నిలిచింది, ఏది నిలవలేదు, నీళ్లు కలపడంలో చెయ్యి ఎక్కడ తప్పింది అన్నది ఆ పుస్తకమే చెబుతుంది.